నాన్న అడిగిన కోడి ఇష్టూ: కుక్కర్‌తో నా అనుభవం

మా నాన్నకు 74 ఏళ్లు. కింది దవడలో మిగిలిన ఆరు పళ్లు అక్టోబరు 27న, పైన ఉన్న ఐదు పళ్లు నవంబరు 10న తీసేశారు. చిగుళ్లు బాగా మానితే గానీ కట్టుడు పళ్లకు కొలతలు తీయలేమని, అందుకు రెండు మూడు నెలలు పడుతుందని డాక్టరు గారు చెప్పారు. అప్పటిదాకా మెత్తటి తిండే. కారం తగ్గించాలి, గింజలు, పలుకులు తగలకూడదు, పొగలు కక్కే వేడి అసలు పనికిరాదు.

సరిగ్గా అప్పుడే అమ్మ మా చెల్లెలి కాన్పుకి చెన్నై వెళ్లాల్సి వచ్చింది. నాన్నను నెల్లూరులోనే ఉన్న మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాను. మొదటి వారం రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ పెడితే మారు మాట్లాడకుండా తిన్నాడు. తర్వాత సగం తిని గిన్నె పక్కకు జరపడం మొదలైంది. నవంబరు 18న బరువు చూస్తే మూడు వారాల్లో 61 కిలోల నుంచి 58కి వచ్చాడు. నాకు భయం వేసింది. ఏం తినాలనుందో చెప్పు నాన్నా అని అడిగితే చాలాసేపు గోడకేసి చూసి, "బిట్రగుంటలో డ్రైవర్ ఆంటీ చేసే ఇష్టూ తినాలనుందిరా" అన్నాడు.

నాన్న 1973లో బిట్రగుంటలో రైలింజన్లు ఉంచే లోకో షెడ్‌లో క్లీనర్‌గా చేరి, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అయ్యాడు. అవి బొగ్గు ఇంజన్ల రోజులు. పక్క క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ కుటుంబం ఉండేదట. పెళ్లి కాకముందు ఒంటరిగా ఉన్న నాన్నకు ఆ ఆంటీ ఆదివారం పూట ఒక గిన్నెలో కోడిమాంసం, బంగాళదుంపలు వేసిన తెల్లటి పులుసులాంటిది, నాలుగు రొట్టె ముక్కలు పంపించేది. అది స్ట్యూ. షెడ్‌లో అందరూ ఇష్టూ అనేవాళ్లు. నేను ఒక్కసారీ తినలేదు. అమ్మ కొత్త కోడలుగా వచ్చాక రెండు మూడుసార్లు తిందట.

అమ్మకు ఫోన్ చేసి ఎలా చేస్తారే అని అడిగాను. "చేయడం నాకు తెలీదు నాయనా. పసుపుండదు, మిరపపొడుండదు. మిరియాల ఘాటుంటుంది. చివర్లో ఏదో పులుపు తగులుతుంది. దుంప ముక్క ముక్కలాగే ఉంటుంది, నోట్లో పెడితే కరిగిపోతుంది" అంది. మర్చిపోకుండా ఇంకో మాట చెప్పింది: "కార్తీకం వెళ్లేదాకా ఆగు." 20న అమావాస్య. అంటే 23 ఆదివారం.

మా ఆవిడది శాకాహార కుటుంబం. మావయ్య గారి కోసం వంటింట్లో కోడి వండుకోమంది కానీ తన కుక్కర్ మాత్రం ఇవ్వనంది. అది న్యాయమే. అమ్మానాన్నల ఇంటికి వెళ్లి అటక మీదున్న పాత ఐదు లీటర్ల అల్యూమినియం కుక్కర్ తెచ్చాను. ఎన్నేళ్లుగా అక్కడుందో ఎవరికీ గుర్తులేదు. బూడిద, చింతపండు పెట్టి తోమితే మెరిసింది. మెరిసింది కదా అని లోపల సంగతి చూడలేదు.

మొదటి ఆదివారం, నవంబరు 23.

కార్తీకం అయిన వెంటనే వచ్చిన ఆదివారం కాబట్టి చికెన్ షాపు దగ్గర ఉదయం ఏడున్నరకే జనం. 40 నిమిషాలు నిలబడ్డాను. స్కిన్‌లెస్ కిలో 260 రూపాయలు. అందరికీ కొట్టినట్టే నాకూ కూర ముక్కలు కొట్టిచ్చాడు. దుంపలు ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్నవే తీశాను, రెండు వారాలుగా అడుగు డబ్బాలో ఉన్నాయి.

ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి వేయించి, చికెన్, నాలుగేసి ముక్కలు చేసిన దుంపలు, క్యారెట్, మిరియాలు, దాల్చినచెక్క, లవంగాలు అన్నీ ఒకేసారి వేసి, మునిగేటట్టు నీళ్లు పోసి, మూత పెట్టి ఐదు విజిల్స్ రానిచ్చాను. ఐదు ఎందుకంటే అమ్మ నాటుకోడికి వేసే లెక్క అదే. పెద్ద మంట మీదే ఐదూ వచ్చాయి. నాన్న ఆకలితో కూర్చున్నాడని, ఆవిరి దిగేదాకా ఆగలేక గరిటె కాడతో వెయిట్ ఎత్తాను. తెల్లటి నురగ చిమ్ముకుంటూ పైకి లేచి స్టవ్ అంతా పడింది. అలా రెండు మూడుసార్లు ఎత్తి, శబ్దం ఆగాక మూత తీశాను.

దుంపలు లేవు. నిజంగానే ఒక్క ముక్క కూడా లేదు. అన్నీ కరిగి పులుసంతా గంజిలా అయింది. రొమ్ము మాంసం పీచుపీచుగా విడిపోయి, నమిలితే దూదిలా ఉంది. ఎముకలు మాంసాన్ని వదిలేసి అడుగున చేరాయి. రుచి చూస్తే తియ్యగా ఉంది. చక్కెర వేయలేదు కదా అని మా ఆవిడను అడిగితే, "ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు తియ్యబడతాయి, బయట బుట్టలో పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను" అంది. చలికి దుంపలోని పిండి చక్కెరగా మారుతుందట. ఇన్నేళ్లు తింటున్నాను, ఈ సంగతి నాకు తెలీదు.

అయినా పెద్ద ముక్కలు ఏరి, చేత్తో ఎముకలు తీసి, నాన్నకు గిన్నెలో పెట్టాను. రెండో చెంచాకే నాన్న చేయి నోటి దగ్గరకు వెళ్లింది. వేలితో ఏదో లాగి చూపించాడు. కోడి కాలి ముక్కలో లావు ఎముకను ఆనుకుని ఒక సన్న ఎముక ఉంటుంది. అగ్గిపుల్లలో సగం మందం, ఒక కొస సూదిలా ఉంటుంది. అది మాంసంలో కలిసిపోయి నా వేళ్లకు తగల్లేదు. నాన్న పెదవి మీద రక్తం. కింది చిగురులో, కుట్లు విప్పి మూడు వారాలు కూడా కాని చోట గుచ్చుకుంది.

ఆ పావుగంట నేను ఎలా గడిపానో నాకే తెలుసు. ఆదివారం క్లినిక్ మూసి ఉంటుంది. డాక్టరు గారి నంబరుకు మూడోసారికి ఫోన్ కలిసింది. శుభ్రమైన గాజుగుడ్డ మడిచి ఆ చోట పెట్టి 20 నిమిషాలు గట్టిగా అదిమి ఉంచమని, నోరు పుక్కిలించవద్దని, వేడి ఇవ్వొద్దని చెప్పారు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. 20 నిమిషాలకు తీస్తే కొంచెం ఉంది, మళ్లీ పెట్టాం, ఇంకో పది నిమిషాలకు ఆగింది. నాన్న గుడ్డ తీసేసి మొదట అన్న మాట, "పులుసు బాగానే ఉందిరా". బాగాలేదని మా ఇద్దరికీ తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తిండి తినిపించబోయి నాన్నను గాయపరిచాననే మాట తిరుగుతూనే ఉంది.

పళ్లు లేనివాళ్లకు, పసిపిల్లలకు వండేవాళ్లు దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కోడి కాలిలో కింది సగంలోనే ఆ సూది ఎముక ఉంటుంది. పై సగం, అంటే తొడలో ఉండేది ఒకటే ఎముక, లావుది. షాపులో కూర ముక్కలు కొట్టించుకుంటే చితికిన ఎముకల పలుకులు కూడా వస్తాయి. తొడలు కొట్టకుండా అలాగే తీసుకుంటే ఎన్ని తొడలో అన్ని ఎముకలు. వండాక లెక్కపెట్టి తీసేయొచ్చు.

రెండో ఆదివారం, నవంబరు 30.

పొద్దుటి నుంచి వాన. ఈసారి ఆరు పెద్ద లెగ్ పీసులు తీసుకుని, కీలు దగ్గర కోయించి, కింది సగాలు మా అబ్బాయికి వేపుడుకి పక్కన పెట్టి, తొడలు మాత్రం కుక్కర్‌లో వేశాను. పోయినసారి గంజిలా అయింది కదా అని నీళ్లు తగ్గించి ఒకటిన్నర గ్లాసే పోశాను. మూత పెట్టి మంట పెంచాను.

పది నిమిషాలైనా విజిల్ లేదు. మూత అంచు చుట్టూ సన్నగా ఆవిరి, నీటి బొట్లు. పిడి నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే మళ్లీ మొదలు. మంట చాలలేదేమోనని ఇంకా పెంచాను. అదే పెద్ద తప్పు. 25 నిమిషాలకు మాడు వాసన వచ్చింది. స్టవ్ వైపు ఒక అడుగు వేశానో లేదో మూత మీద టక్‌మని చప్పుడై, సేఫ్టీ వాల్వ్‌లోంచి గోధుమరంగు పొగలాంటి ఆవిరి గోడమీదకి కొట్టింది. నేను అక్కడే నిలబడిపోయాను. నాన్న హాల్లోంచి ఎంత వేగంగా వచ్చాడో, నన్ను భుజంతో పక్కకు తోసి సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేశాడు. ఆ తర్వాత ఒకే ప్రశ్న. "నీళ్లెన్ని పోశావు?"

చెప్పాను. ఏమీ అనకుండా కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. కుక్కర్ చల్లారడానికి 40 నిమిషాలు పట్టింది. అంతసేపూ నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు. పళ్లు తీయించుకున్నాక అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"మా ఇంజన్‌కీ ఇలాంటిదే ఉండేది, లెడ్ ప్లగ్ అనేవాళ్లం. బొగ్గు మండే ఫైర్‌బాక్స్ పైకప్పులో సీసం నింపిన బిరడా. పైన నీళ్లు నిలిచి ఉన్నంతసేపు దానికి ఏమీ కాదు. నీళ్లు తగ్గి పైకప్పు బయటపడిందా, సీసం కరిగి ఆవిరి మంట మీదకి దిగుతుంది. బాయిలర్ పేలకుండా అది చచ్చిపోతుందన్నమాట. ఏ ఫైర్‌మన్ డ్యూటీలో ప్లగ్ కరిగితే వాడికి చార్జిషీటే. మా డబ్ల్యూపీ రకం బొగ్గు ఇంజన్ బాయిలర్‌లో చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడి రా. నీ కుక్కర్‌లో ఉండేది 15. 15 అయినా ఆవిరి ఆవిరే."

మూత తీసి చూస్తే అడుగున వేలెడు మందం బొగ్గు. తొడలు ఒకవైపు నల్లగా మాడి, ఇంకోవైపు పచ్చిగా ఉన్నాయి. మొత్తం పారేయాల్సి వచ్చింది. తిండి పారేయడం మా ఇంట్లో అలవాటు లేదు. కవరులో కట్టి కిందకు తీసుకెళ్తుంటే చాలా బాధేసింది. ఆ రోజు నాన్నకు మళ్లీ పెరుగన్నమే.

గ్యాస్కెట్‌ను మూతలోంచి తీసి రెండు వేళ్లతో వంచితే లోపలి అంచంతా సన్నటి బీటలు. రబ్బరు బిగుసుకుపోయి గాజుగాజు అయింది. ఆవిరి అక్కడినుంచే పోయింది. ఆవిరి పోతుంటే ఒత్తిడి నిలవదు, ఒత్తిడి నిలవకపోతే విజిల్ రాదు, విజిల్ రాలేదని నేను మంట పెంచాను, ఉన్న కాసిని నీళ్లూ ఇగిరిపోయాయి. వాల్వ్ మధ్యలో ఉండే చిన్న లోహపు చుక్క కరిగిపోయి అక్కడ కంత పడింది. అది కరిగిపోబట్టే మేమిద్దరం నిలబడి దాన్ని చూడగలిగాం.

విడిభాగాల కోసం మూడు రోజులు తిరిగాను. డిసెంబరు 1, సోమవారం ఆఫీసు నుంచి వస్తూ స్టీల్ సామాను షాపులో ఐదు లీటర్ల గ్యాస్కెట్ అడిగి 140 రూపాయలకు తెచ్చాను. ఇంటికొచ్చి పెడితే రెండు మిల్లీమీటర్లు వదులు. లీటర్లు ఒకటే అయినా కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి కొలత మారుతుందని మంగళవారం మార్చుకోవడానికి వెళ్లినప్పుడు చెప్పారు. మూత తెస్తేనే ఇస్తామన్నారు. బుధవారం మూత సంచిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి, అక్కడినుంచి షాపుకు వెళ్లాను. సరిపోయే గ్యాస్కెట్ 170, సేఫ్టీ వాల్వ్ 80. వాల్వ్ వాళ్లే బిగించి ఇచ్చారు. దానికి లోపలవైపు సన్నటి వాషర్ ఉంటుంది, అది పెట్టారో లేదో అక్కడే చూసుకోవాలి. నాకు చెప్పింది నాన్నే.

గురువారం రాత్రి నాన్న కుక్కర్‌కి పరీక్ష పెట్టాడు. షెడ్‌లో బాయిలర్ రిపేరు చేశాక వట్టి నీళ్లతో పరీక్షించకుండా లైను మీదకి పంపేవాళ్లు కాదట. రెండు గ్లాసుల నీళ్లు పోసి, మూత పెట్టి, వెయిట్ పెట్టే గొట్టాన్ని ముందే ఊది, అందులోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూసుకుని, మంట పెట్టాం. ఆరు నిమిషాలకు మొదటి విజిల్. అంచుల్లో చుక్క ఆవిరి లేదు. నాన్న చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు. పెద్ద మంట మీద ఐదు నిమిషాల్లో ఆరు విజిల్స్ వచ్చాయి. సిమ్‌లో పెట్టి ఇంకో ఐదు నిమిషాలు చూస్తే ఒకటే వచ్చింది. లోపల ఒత్తిడి రెండుసార్లూ ఉంది, ఉడకడం రెండుసార్లూ జరుగుతుంది. "విజిల్ అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే రా. వంటను విజిల్స్‌తో లెక్కపెడితే ఎలా? ఆవిరి పట్టినప్పటి నుంచి నిమిషాలు లెక్కపెట్టు" అన్నాడు. ఐదు విజిల్స్, మూడు విజిల్స్ అని అందరం ఒకరికొకరం చెప్పుకుంటాం కదా, నా స్టవ్ మీద ఐదుకి పట్టే సమయం మీ స్టవ్ మీద రెండుకే పట్టొచ్చు. ఆ రాత్రి వట్టి నీళ్లు మరిగించి తెలుసుకున్న ఈ ఒక్క సంగతితో నా వంట మారిపోయింది.

మూడో ఆదివారం, డిసెంబరు 7.

ముందురోజే దుంపలు కొన్నాను. కూరగాయలమ్మే ఆవిడను ఉడికినా విడిపోనివి కావాలి అక్కా అని అడిగితే, తొక్క పలచగా, గోరుతో గీస్తే లేచివచ్చే కొత్త దుంపలు ఏరి ఇచ్చింది. అరకిలో 25. చికెన్ ధర అప్పటికి కిలోకి పది రూపాయలు పెరిగింది. తొడలు ఆరు, 800 గ్రాములు తూగాయి.

మిరియాలు 15, లవంగాలు నాలుగు, అంగుళం దాల్చినచెక్క, ఇవన్నీ పలచటి తెల్లగుడ్డలో మూట కట్టాను. పలుకులు చిగుళ్లకు తగలకూడదు కదా. ఈ ఆలోచన మా ఆవిడది, పులిహోరలో ఆవాలు కూడా మావయ్య గారికి తగలకుండా ఏరుతోంది అప్పటికే. బిరియానీ ఆకు వేయలేదు. ఆకు పైకి లేచి గొట్టానికి అడ్డం పడితే ఆవిరి దారి మూసుకుంటుందని నాన్న వద్దన్నాడు.

రెండు చెంచాల నూనెలో తొడలు మూడేసి చొప్పున వేసి, ఒక్కో వైపు ఐదు నిమిషాలు కదపకుండా వేయించాను. బంగారు రంగు వచ్చింది. వాటిని తీసి అదే నూనెలో రెండు ఉల్లిపాయల పొడుగు ముక్కలు, అల్లం, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు ఆరేడు నిమిషాలు మగ్గించి, చెంచాడు మైదా చల్లి ఒక నిమిషం కలిపాను. ఆ తర్వాత ఒక గ్లాసు నీళ్లు పోసి, అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకి వదిలించాను. ఈ గీకడం మానేస్తే ఎన్ని నీళ్లు పోసినా అక్కడే మాడుతుంది. రుచి కూడా ఆ అడుగునే ఉంది. ఇంకో రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు, నిలువునా చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు, మూట, తొడలు. దుంపలు ఇప్పుడు కాదు. కుక్కర్ సగానికి కొంచెం పైన నిండింది.

మొదటి విజిల్‌కి తొమ్మిది నిమిషాలు. సిమ్‌లో పెట్టి ఎనిమిది నిమిషాలు, గడియారం చూసి ఆపేశాను. ఆ తర్వాత ఆగడమే కష్టం. 12 నిమిషాలు ముట్టుకోలేదు. "మంట ఆపినా బాయిలర్ ఆగదు. లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ఇప్పుడు వెయిట్ లేపితే పులుసు ఒక్కసారిగా పొంగి మాంసం బిగుసుకుంటుంది" అన్నాడు నాన్న. అవును, మొదటి ఆదివారం నురగతో పాటు దుంపలు ఎందుకు చితికాయో అప్పుడు అర్థమైంది. వెయిట్ చేత్తో కదిపితే చప్పుడు లేకుండా తేలిగ్గా వచ్చింది. మూత తీశాను.

తొడలు విడిపోకుండా అలాగే ఉన్నాయి. పెద్ద పళ్లెంలోకి తీసి, కొంచెం ఆరాక ఒక్కో తొడను చేత్తో పట్టుకుని ఎముకను తిప్పితే జారి చేతిలోకి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. ఆరు తొడలు, ఆరు ఎముకలు. స్టీలు గిన్నెలో వేసి రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పటికీ నమ్మకం చాలక మాంసాన్ని వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూశాను. కొసల్లో ఉండే మెత్తటి ఎముకలు కూడా తీసేశాను.

ఇప్పుడు దుంపలు. నాలుగు మధ్యరకం దుంపలు తొక్క తీసి రెండేసి సగాలు, రెండు క్యారెట్లు బొటనవేలంత ముక్కలు. పులుసులో వేసి మళ్లీ మూత. పులుసు వేడిగానే ఉంది కాబట్టి ఐదు నిమిషాలకే విజిల్ వచ్చింది. సిమ్‌లో మూడే మూడు నిమిషాలు. మళ్లీ పది నిమిషాల ఆగుడు. మాంసం కలిపి, మూట పిండి తీసేసి, పచ్చిమిరపకాయలు ఏరేసి, చిక్కదనం కోసం ఒక దుంప సగాన్ని గరిటెతో గిన్నె అంచుకి అదిమి కలిపాను. స్టవ్ ఆపాక చెంచాడు వెనిగర్. వెనిగర్ ముందే వేస్తే దుంప మెత్తబడటానికి ఎక్కువసేపు పడుతుంది. ఇది అమ్మ చింతపండు పులుసులో ముక్కలు ఉడికాకే పులుపు పోస్తుంది కదా అని గుర్తొచ్చి చేశాను.

ఉల్లిపాయ కోయడం మొదలుపెట్టినప్పటి నుంచి గిన్నెలో పెట్టేదాకా గంటా ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. కుక్కర్ అంటే త్వరగా అయిపోతుందనుకునే నాకు ఇది కొత్త సంగతి. మామూలు గిన్నెలో పెడితే ఇంకో అరగంట ఎక్కువ పట్టేదేమో, అంతే. కానీ ఎముక అంత సులువుగా జారడం, మాంసం చెంచాతో తెగడం గిన్నెలో అయ్యేది కాదు. లోపల నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, మామూలుగా అయితే వందే.

గోరువెచ్చగా అయ్యేదాకా ఆపి నాన్న ముందు పెట్టాను, పక్కన అంచులు తీసేసిన నాలుగు బ్రెడ్ ముక్కలు. నేను ఎదురుగా కూర్చుని నోటికేసే చూస్తున్నాను. నాన్న దుంప సగాన్ని చెంచాతో నొక్కాడు. అంచు చెదరకుండా రెండుగా విడిపోయింది. నోట్లో పెట్టుకుని పెదాలు మూశాడు. నమల్లేదు, నమలాల్సిన పని లేదు. రెండో చెంచా మాంసం. నా కాళ్లు వణుకుతున్నాయి. మింగాడు. బ్రెడ్ ముంచుకుని తిన్నాడు. గిన్నె ఖాళీ చేసి ఇంకో గరిటె వేయమన్నాడు. అక్టోబరు 27 తర్వాత నాన్న మళ్లీ వడ్డించమని అడగడం అదే మొదటిసారి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది, కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

తిన్నాక చాలాసేపటికి, చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాక, "ఏదో తక్కువైందిరా" అన్నాడు. ఉప్పా అన్నాను, కాదన్నాడు. మిరియాలా, కాదు. కళ్లు మూసుకుని కాసేపు ఆగాడు. "పుదీనా. ఆంటీ దించేముందు పుదీనా రెండు రెమ్మలు తుంచి వేసేది. వాళ్ల పెరట్లో పంపు పక్కన ఉండేది."

మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పులుసంతా జెల్లీలా గడ్డకట్టింది. మా ఆవిడ పాడైందేమోనని భయపడింది. పాడవడం కాదు, ఎముకలు, కీళ్లలోంచి దిగిన జిగట అది, చిన్న మంట మీద పెడితే రెండు నిమిషాల్లో మళ్లీ పులుసైంది. వేడి చేసేటప్పుడు గరిటె పెట్టి కలపకుండా గిన్నెను అటూ ఇటూ తిప్పితే దుంపలు చెదరవు. రెండోపూట రుచి ఇంకా బాగుంది.

మూడు ఆదివారాల చికెన్, కూరగాయలు, గ్యాస్కెట్, వాల్వ్ అన్నీ కలిపితే 1,300 దాకా అయింది. ఇప్పుడు ఒక్కోసారి చేస్తే 300 అవుతుంది, నాన్న, నేను, మా అబ్బాయి రెండుపూటలు తింటాం.

డిసెంబరు 14న మళ్లీ చేశాను. పది రూపాయల పుదీనా కట్ట తెచ్చాను, అందులో రెండు రెమ్మలే వాడాను. ఈసారి గడియారం నాన్న చేతికే ఉంది. విజిల్ రాగానే మంట తగ్గించమని మా అబ్బాయికి చెప్పి, వాడు మూత దగ్గరకి వెళ్లబోతే చేయి పట్టుకుని ఆపాడు. 12 నిమిషాలూ ఇద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చుని డబ్ల్యూపీ ఇంజన్ కబుర్లు చెప్పుకున్నారు. పుదీనా వేసి గిన్నె తెచ్చి ముందు పెడితే నాన్న తినడానికి ముందు వాసన చూశాడు. తల ఊపాడు. ఆ రోజు బరువు 59 కిలోల 200 గ్రాములు. తిన్నాక అమ్మకి వీడియో కాల్ చేయమని, ఖాళీ గిన్నెను ఫోన్‌కి దగ్గరగా పట్టుకుని చూపించాడు.